ఉంగరం వేలికి తగిలిన గీత

ఉంది. మళ్లీ తగిలింది. వేలు అటు జరిపితే తగులుతోంది, ఇటు లాగితే తగులుతోంది, తల దువ్వుకున్నాక మెడ మీద మిగిలిపోయిన వెంట్రుకలాగా, ఉందని తెలుస్తోంది గానీ పట్టుకుందామంటే దొరకదు. మోచెయ్యి దాటి భుజం దాకా చెయ్యి విమానం రెక్కలోకి దూర్చి, చెంప చల్లటి రేకుకు ఆనించి, కళ్లు మూసుకుని వెతుకుతున్నాను, తెరిచినా కనిపించేది షెడ్డు కప్పే కాబట్టి. వీళ్లు నాకు అప్పజెప్పిన పనల్లా గుడ్డముక్క పెట్టి లోపల రాలిన రజను తుడవడం. తుడిచేసి ఊరుకోవచ్చుగా. ఊరుకోను. తుడిచిన చోటల్లా వేలితో తడిమి చూస్తాను. ఇంట్లో గిన్నెలు కడిగినా అంతే, వేలు పెట్టి చూడనిదే నాకు శుభ్రమైనట్టుండదు. అలా తడుముతూ తడుముతూ చివరి గది మూలకి వచ్చేసరికి, అక్కడి ఆఖరి రివెట్టు పక్కన, ఈ గీత. లోపలి రేకు పగిలిందేమో. పగిలితే మాత్రం ఎవరికి తెలుస్తుంది, నా వేలికి తప్ప.

మా ఆయన, మా అమ్మాయి కలిసి స్టేషనుకు వెళ్లారు, అద్దం మాస్టారుని తీసుకురావడానికి. విమానాలు తనిఖీ చేసే పెద్దాయన ఆయన. ఎక్కడికి వెళ్లినా పొడుగాటి కాడకి బిగించిన గుండ్రటి అద్దం ఒకటి వెంట ఉంటుంది కాబట్టి మా అమ్మాయి ఆ పేరు పెట్టింది. ఆయన వచ్చి, అద్దం పెట్టి, లైటు వేసి, లోపలంతా చూసి సరే అంటే ఈ సాయంత్రమే ఆఖరి రేకు ముక్క కప్పేసి రెక్క మూసేస్తారు. మూసేశాక ఇంక ఎవరి చెయ్యీ లోపలికి పోదు. ఆ తర్వాత రెక్కని తీసుకెళ్లి విమానానికి బిగిస్తారు, ఆ తర్వాత మా అమ్మాయి అందులో కూర్చుని ఎగురుతుంది. మొదటిసారి అది ఒక్కతే ఎగరాలి, పక్కన ఎవరూ ఉండకూడదట, అదొక నియమం. పక్కన ఎవరినీ కూర్చోనివ్వనిది ఎందుకో నాకు తెలుసు. అడిగితే వీళ్లు చెప్పరు, మాట మారుస్తారు.

నిజానికి నడపాల్సింది ఈయన. జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఊళ్లో జనాన్నంతా పైకీ కిందికీ తిప్పీ తిప్పీ, రిటైరయ్యే వేళకి తను కూడా ఒకసారి పైకి వెళ్లాలని బుద్ధి పుట్టింది, తాడు లేకుండా. విమానం కొనడానికి మనమేమైనా జమీందారులమా అంటే, కొనడమెందుకు కట్టుకుంటాను, రేకులూ రివెట్లే కదా అన్నాడు. తీరా సగం కట్టాక గుండె డాక్టరు పరీక్ష చేసి, నడపడం కుదరదని చెప్పేశాడు. వారం రోజులు షెడ్డు తలుపు తియ్యలేదు ఈయన. నేను లోలోపల సంతోషించాను, పీడ వదిలిందనుకున్నాను. తర్వాత ఒకరోజు పొద్దున్నే షెడ్డులోంచి ఆకురాయి చప్పుడు. వెళ్లి చూస్తే తండ్రీ కూతురూ చెరో పక్కన నిలబడి రేకు అంచులు నున్నగా చేస్తున్నారు. అప్పటికే దానికి క్లబ్బులో విమానం నడిపే లైసెన్సు వచ్చింది. నేను కడతాను, అది ఎగురుతుంది, అన్నాడు ఈయన, కూరకి ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా. నన్నెవరూ అడగలేదు. అడిగితే వద్దంటానని ఇద్దరికీ తెలుసు.

చెయ్యి బయటికి తీసి, విదిల్చి, మళ్లీ పెట్టాను. ఉంది. కాలు కాలిన పిల్లిలా షెడ్డంతా తిరిగాను. కంప్రెసర్ బుస్సుమని కాసేపు గాలి పీల్చుకుని ఆగింది. పక్కింట్లో బట్టలు ఉతికే మిషను గిరగిరా తిరిగి దడదడలాడుతోంది, దానికీ నాలాగే ఒకచోట కుదురు లేదు. రెక్కంటే ఇంతకుముందు నేనేదో పక్షిలాగా ఊహించుకున్నాను. తీరా చూస్తే వరసగా గదులు. అడ్డంగా ఒక దూలం, స్పార్ అంటారు దాన్ని, భారమంతా మోసేది అదే. దాని మీద నిలువుగా గోడలు, ఆ గోడలకి గుండ్రటి కిటికీలు, పైనా కిందా రేకు. ఆ కిటికీల్లోంచి చెయ్యి పోనిచ్చి అవతలి గదిలో రివెట్టు వెనక ఇనప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. బయటినుంచి ఈయన రివెట్లు కొట్టే గాలి గన్నుతో కొడితే లోపల రివెట్టు తోక దిమ్మకి తగిలి, నలిగి, గుండీలా పరుచుకుంటుంది. ఈయన చెయ్యి కిటికీలో పట్టదు, లావు. అందుకని నన్ను పిలిచారు. పళ్ల డాక్టరు దగ్గర ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న చెయ్యి ఇది, ఇరుకు సందుల్లో పని దీనికి కొత్తేం కాదు. నేను వద్దనుకున్న విమానానికి లోపలి చెయ్యి నాదే అయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఎన్నిసార్లు అనుకున్నానో. వాళ్లకు లేని బెంగ నాకెందుకు? నాకే ఎందుకంటే, లోపల ఏముందో ముట్టుకున్నది నేనే కదా.

అన్ని రివెట్లనీ చూపుడు వేలితో తడిమాను, అన్నీ నున్నగా ఉన్నాయి, వేటికీ వంక లేదు. ఆ మూలది మాత్రం చూపుడు వేలికి అందదు. అక్కడ గోడ దూలానికి కలిసేచోట సందు ఎంత ఇరుకంటే, చెయ్యి పక్కకి తిప్పి, మిగతా వేళ్లు మడిచి, ఒక్క ఉంగరం వేలు చాపితే దాని కొస తగులుతుంది. దాన్ని కొట్టిన రోజు కూడా సన్నటి పొడుగు దిమ్మ వెతికి తెచ్చి అవస్థ పడ్డాం. దిమ్మ జారిందేమో ఆరోజు. జారలేదనే గుర్తు. మా దగ్గర గుర్తులు రెండే, చెవులకి డిప్పలు పెట్టుకుంటే ఆ మోతలో మాట వినపడదు గనక. దిమ్మతో ఒక్కసారి తడితే నేను సిద్ధం, కొట్టు అని. రెండుసార్లు తడితే ఆగు, ఏదో తేడాగా ఉంది అని. ఆరోజు నేను రెండుసార్లు తట్టానా. తట్టలేదు. నాకా పని నచ్చలేదంటే అబద్ధమే అవుతుంది, దిమ్మ అరచేతిలో వణుకుతుంటే చెయ్యి మొద్దుబారి, మోత ఆగాక ఒక్కసారిగా నిశ్శబ్దం వచ్చి పడుతుంది చూడండి, ఆ నిమిషంలో నాకు ఏ భయమూ ఉండదు. వెంటనే మళ్లీ వస్తుంది.

ఫోను మోగింది. అమ్మాయి.

"అమ్మా, రైలు గంట లేటట. ఇక్కడే కూర్చున్నాం. నాన్న అప్పుడే రెండు కాఫీలు తాగేశారు, నువ్వు చూడట్లేదని."

"తాగనీ. రాత్రి నిద్ర పట్టక వేగేది నేనేగా."

"లోపల తుడిచేశావా?"

"తుడిచాను."

"ఏమైనా ఉందా?"

ఎందుకడిగిందో. రజను ఏమైనా మిగిలిందా అనే అడిగింది, అంతే. నోటిదాకా వచ్చింది. పగులుందే తల్లీ, మీ మాస్టారి అద్దానికి అందని మూలలో పగులుంది అందామనుకున్నాను. దాని వెనక స్టేషను మైకులో ఎవరో ఏదో చెబుతున్నారు. "ఏం లేదు, జాగ్రత్తగా రండి," అని పెట్టేశాను. ఎలా చెప్పను? ట్యాంకు సంగతి ఎవరు మరిచిపోయారు గనక. రెక్కలో పెట్రోలు ట్యాంకు అతికిన రోజుల్లో నాకు వాసన వచ్చింది. కారుతోందన్నాను. సబ్బునీళ్లు పూసి చూశారు, బుడగ రాలేదు. అయినా నాకు వాసన వస్తూనే ఉంది, అన్నం తినలేకపోయాను, ఏడ్చాను కూడా. చివరికి నా పోరు పడలేక ట్యాంకంతా విప్పి మళ్లీ అతికాడు ఈయన, ఎన్నాళ్ల పనో నీళ్లపాలైంది. తర్వాత తేలిందేమిటంటే ఆ వాసన పక్కింటాయన స్కూటరుది, మా గోడ పక్కనే నిలబెడుతున్నాడట. మొదట్లో నవ్వారు ఇద్దరూ. అమ్మ ముక్కుకి కూడా లైసెన్సు ఇప్పించాలి నాన్నా అంది అది. ఆ తర్వాత నవ్వడం మానేశారు, నేనేదన్నా అంటే సరే చూద్దాంలే అనడం మొదలుపెట్టారు. ఆ సరే చూద్దాంలే ఉంది చూశారూ, దానికన్నా తిట్టినా బాగుండును.

వంటింట్లోకి వెళ్లి చేతులు కడుక్కున్నాను, రెండుసార్లు. క్లినిక్కులో అలవాటు, రోగి రోగికీ ఆ మందునీళ్లతో కడిగీ కడిగీ ఈ చేతులు అట్టముక్కలైపోయాయి. మా డాక్టరమ్మ ఒక మాట అంటుంది, నొప్పి లేని పన్ను జోలికి వెళ్లకూడదు, కెలికితేనే నొప్పి మొదలవుతుందని. అద్దం మాస్టారు కూడా పోయినసారి వచ్చినప్పుడు అచ్చం ఇదే మాట ఇంకోలా అన్నారు. రివెట్టు తోక కాస్త వంకరగా పరుచుకుంటే వదిలెయ్యండి, అది దాని పని అది చేస్తుంది, నిటారుగా లేదని విప్పబోతే కన్నం పెద్దదవుతుంది, విమానాల్ని పాడుచేసేది తప్పులు కావు, దిద్దుబాట్లు, అన్నారు. ఈయన తలూపాడు, ఊపి, ఆయన అటు వెళ్లగానే రెండు రివెట్లు విప్పాడు. తప్పుల గోడ అని ఒకటుంది మా షెడ్డులో. చెడిపోయిన ముక్కలన్నీ మేకులకి తగిలించి ఉంటాయి. కుడి రెక్కకి చెయ్యబోయి మళ్లీ ఎడమ రెక్కకే చేసిన లోపలి గోడ ముక్క ఈయనది. అంచుకు మరీ దగ్గరగా కన్నం వేసిన పట్టీ అమ్మాయిది. గన్ను పక్కకి జారి చంద్రవంకలు పడ్డ రేకు మళ్లీ ఈయనదే. ఎవరు చెడగొడితే వాళ్లే బాగుచెయ్యాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు, అదీ షెడ్డు చట్టం. ఆ గోడ మీద నాది ఒక్కటీ లేదు. గర్వంగా చెప్పుకునేదాన్ని. డ్రిల్లు పట్టనిదాన్ని, గన్ను పట్టనిదాన్ని, దిమ్మ పట్టుకుని కూర్చునేదాన్ని, నాకు తప్పులెక్కడినుంచి వస్తాయి.

కానీ ఇది వంకర కాదు కదా, పగులు కదా. వంకర ఉన్నచోటే ఉంటుంది, పగులు పెరుగుతుంది. రెక్క వణికినప్పుడల్లా గోరంత గోరంత పాకుతుంది, పాకుతూ పాకుతూ దూలం పొడుగునా వెళ్తుంది. ఎక్కడ వణుకుతుంది, పైన. ఎవరుంటారప్పుడు, అది ఒక్కతే. చిన్నప్పుడు బీరువా ఎక్కేది. అమ్మా చూడు అనేది, నేను తలెత్తేలోపు దూకేది. నేను చూస్తేనే దూకేది, అదేం చోద్యమో, చూడకపోతే పైనే కూర్చునేది గంటైనా. అందుకని చూడకుండా ఉండడానికి ప్రయత్నించేదాన్ని, అప్పుడు ఏడ్చేది. క్లబ్బులో మొదటిసారి ఒంటరిగా ఎగిరిన రోజు నేను కంచె పక్కన దాని నీళ్లసీసా పట్టుకుని నిలబడ్డాను. ఎంత గట్టిగా పట్టుకున్నానంటే మూత ఎగిరిపోయి నీళ్లన్నీ నా చీర మీదే. ఈయన పక్కనే నిలబడి, చూడు ఎంత బాగా తిప్పిందో చూడు అంటున్నాడు, నేను చూడలేదు, తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ కూర్చున్నాను. దిగి వచ్చి, చూశావా అమ్మా అంది. చూశానన్నాను. అది నా మొహంలోకి చూసి ఊరుకుంది.

క్లినిక్కునుంచి పాత నోటి అద్దం ఒకటి తెచ్చిపెట్టుకున్నాను ఎప్పుడో, పాడైపోయిందని పారేస్తుంటే. అది తీసి, టార్చి నోట్లో కరిచి పట్టుకుని, ఒక చెయ్యి ఈ కిటికీలో, ఇంకో చెయ్యి ఆ కిటికీలో పెట్టి, ఆ మూల చూడబోయాను. పచ్చటి రంగు పూసిన రేకు కనిపించింది, రివెట్టు తోక గుండ్రంగా కనిపించింది. దాని పక్కన గీత. వెంటనే అద్దం కొంచెం వంచితే గీత కూడా వంగింది. అద్దం మీద గీతా, రేకు మీద గీతా, పాత అద్దం కదా, దాని ఒళ్లంతా గీతలే. టార్చి కరిచి కరిచి దవడ నొప్పెట్టింది, చొంగ కారింది, తుడుచుకున్నాను. ఇలా కళ్లకీ నోటికీ చేతులకీ పని పెట్టుకుని నేనొక్కదాన్నే ఒక రెక్కని కౌగిలించుకుని వేలాడుతుంటే, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు.

ఒక మాట ఒప్పుకుంటాను, ఎవరూ లేరు గనక. నాకు అది పగులే కావాలి. పగులైతే బాగుండును. పగులని తేలితే మాస్టారు తల అడ్డంగా ఊపుతారు, దూలం మార్చాలంటారు, మళ్లీ ఏడాది పని, ఏడాదిలో ఏమైనా జరగొచ్చు, దీనికి ఇంకో ఉద్యోగం రావచ్చు, ఎవరో ఒకరు నచ్చవచ్చు, విసుగు రావచ్చు, ఈయనకి ఓపిక పోవచ్చు. నేను అబద్ధం ఆడకుండానే, వద్దనకుండానే, నా వేలు వద్దంటుంది నా బదులు. అంత సుఖమైన మాట ఇంకేముంది. నాకు కావాలనిపించి తగులుతోందా, నిజంగా ఉండి తగులుతోందా. ఎవర్ని అడగను. ముట్టుకున్నది నేనే, భయపడేదీ నేనే, సాక్షీ నేనే, ఇంక తీర్పెవరు చెప్తారు. వాళ్లొచ్చాక మాస్టారి ముందు చెబితే, ఏమీ లేదని తేలితే, మా అమ్మాయి మొహం ఎలా అవుతుందో నాకు ఇప్పుడే కనిపిస్తోంది. కోపం కూడా కాదు, జాలి. చెప్పకపోతే, నిజంగానే ఉంటే. ఆ వాక్యం పూర్తి చెయ్యను నేను.

చూడాలంటే విప్పాలి. విప్పి, కన్నంలోంచి వెలుగు పడితే లోపలి రేకు అంచు బయటపడుతుంది, పగులుంటే అప్పుడు దాక్కోలేదు. ఈయన విప్పడం ఎన్నిసార్లు చూశాను. రివెట్టు గుండు నడిమధ్యన చుక్క పెట్టి, గుండు మందమంత లోతే డ్రిల్లు చేసి, మేకుతో గుండుని ఎగరగొట్టి, మిగిలిన కాడని లోపలికి తట్టెయ్యడం, అంతే. అంతే అని చూసేవాళ్లకి అనిపిస్తుంది. డ్రిల్లు తీశాను. ఎంత బరువుందో అది, నేననుకున్నదానికి రెట్టింపు. ఏనాడూ పట్టని వస్తువు. చుక్క పెట్టాను, నడిమధ్యనే పెట్టాననుకుంటాను. మీట నొక్కగానే అది గుండు మీద గుండ్రంగా జారి, అటు పోయి, ఇటు పోయి, నా చేతిని కూడా తీసుకుపోయింది. పళ్లు బిగబట్టి ఒత్తాను. వెండి రజను చుట్టలు చుట్టలుగా లేచింది. ఎంత లోతు పోయిందో చూసుకోలేదు, ఆగమని ఎవరూ రెండుసార్లు తట్టలేదు, తట్టేదాన్ని నేనే కదా, బయట ఉన్నాను. గుండు ఊడి వచ్చింది. మేకు పెట్టి తట్టాను, కాడ లోపలికి రాలి, రెక్క పొడుగునా టకటకమని దొర్లుకుంటూ వెళ్లి ఎక్కడో ఆగింది. ఇనుమైతే అయస్కాంతానికి వచ్చేది, అల్యూమినియానికి అదీ లేదు. కర్రపుల్లకి టేపు తిరగేసి చుట్టి, పొయ్యిలోంచి పిల్లిని పిలిచినట్టు బతిమాలి బతిమాలి బయటికి తీశాను.

తర్వాత టార్చి కన్నం దగ్గర పెట్టి చూశాను. లోపలి రేకు అంచు గుండ్రంగా, శుభ్రంగా, కొత్త నాణెంలా మెరుస్తోంది. డ్రిల్లు కొరికిన పక్క తప్ప ఎక్కడా ఏమీ లేదు. పగులు లేదు. ఇంకో పక్కనుంచి చూశాను, లేదు. భూతద్దం తెచ్చి చూశాను, లేదు. నమ్మలేక మళ్లీ చెయ్యి దూర్చి ఉంగరం వేలు పెట్టాను.

గీత ఉంది.

కళ్లకి లేదు, వేలికి ఉంది. వెనక్కి జరిపాను, ఖాళీ రేకు మీద, ఏ రివెట్టూ లేనిచోట. ఉంది. చెయ్యి బయటికి తీసి రెక్క పైన పెట్టాను. ఉంది. బల్ల మీద ఇనప దిమ్మ, నా దిమ్మే, నున్నటి మొహం మీద రాశాను, దాని మీదా ఉంది. నీళ్లగ్లాసు మీద ఉంది. అప్పుడు వేలు వెలుతురులోకి తిప్పి చూసుకున్నాను. కొసన, అట్టముక్కలా బిరుసెక్కిన చర్మం మీద అడ్డంగా ఒక పగులు. నొప్పి లేదు, రక్తం లేదు, ఎప్పటిదో. సబ్బునీళ్లూ మందునీళ్లూ చేసిన పని. చూపుడు వేలికి లేదు, నడిమి వేలికి లేదు. ఆ మూలకి అందే ఒకే ఒక్క వేలికి ఉంది.

కింద కూర్చుండిపోయాను. నవ్వొచ్చింది ముందు, పక్కింటాయన స్కూటరు గుర్తొచ్చి. గోరుతో పోయేదానికి గొడ్డలి తెచ్చాను. గోరుతో కూడా కాదు, కాస్త నూనె రాసుకుంటే పోయేదానికి. లేచి కన్నం మళ్లీ చూశాను, ఇప్పుడు వేరే కళ్లతో. గుండ్రంగా లేదు. డ్రిల్లు జారిన పక్కకి సాగి కోడిగుడ్డులా అయింది. మంచి రివెట్టు, ఎవరికీ ఏ అపకారమూ చెయ్యకుండా తన మూలన తను కూర్చున్నది, దాన్ని పీకి, దాని ఇల్లు పాడుచేశాను. రెక్క మొత్తం మీద ఇప్పుడు నిజమైన తప్పు ఒక్కటుంది, అది నేను చేసినది, నా పిల్ల క్షేమంగా ఉండాలని చేసినది. అంచుకు ఎంత దూరముందో నాకు కొలవడం రాదు. అంచుకు దగ్గరైతే అంతేనట, ఆ ముక్క గోడకే. దూలం ముక్క గోడకి ఎక్కితే, నేను కోరుకున్న ఏడాది నా చేతికి వచ్చినట్టే. వచ్చిందిగా, తీసుకో, అన్నాను నాతో నేను. వద్దు. ఇలా వద్దు. ఇప్పుడు దేవుణ్ణి ఒకటే వేడుకున్నాను, అంచు చాలాలి, రెక్క బాగుండాలి, అది ఎగరాలి అని. అలా వేడుకుంటానని గంట క్రితం ఎవరన్నా చెబితే చెప్పుతో కొట్టేదాన్ని. కొత్త రివెట్టు పెట్టి ఎవరూ చూడకుండా బిగించేద్దామా అంటే, ఇది ఒక్కరి చేతి పని కాదు. బయట ఒకరు, లోపల ఒకరు ఉండాలి.

గేటు చప్పుడైంది. మాస్టారు ముందు, చేతిలో అద్దం, వెనక ఈయన ఆయన సంచీ మోస్తూ, ఆ వెనక అది, గంతులేస్తూ. నా చేతిలో డ్రిల్లు అలాగే ఉంది.

"ఏమైంది?" అన్నాడు ఈయన.

"మూలది విప్పాను."

"విప్పావా. నువ్వా? ఎందుకు?"

"పగులుందనుకున్నాను. వేలికి తగిలింది."

మాస్టారు సంచీ తీసుకుని వంగారు. "ఉందామ్మా పగులు?"

"ఉందండీ," అని వేలు చూపించాను.

ఆయన కళ్లజోడు పైకెత్తి వేలు చూశారు, కన్నం చూశారు, మళ్లీ వేలు చూశారు. ఈయన అమ్మాయి వైపు చూశాడు. సరే చూద్దాంలే అంటారేమోనని చెవులు మూసుకోవాలనిపించింది. అది వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేలి కొస మీద తన బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాసింది.

"నిజంగానే తగులుతోంది నాన్నా," అంది. "నాకైనా అలాగే అనిపించేది."

మాస్టారు చిన్న స్కేలు తీసి కన్నంనుంచి అంచు దాకా కొలిచారు. రెండుసార్లు కొలిచారు. షెడ్డులో ఎవరూ ఊపిరి పీల్చలేదు, కంప్రెసర్‌తో సహా. నేను ఆయన స్కేలు వైపు చూడలేక తప్పుల గోడ వైపు చూస్తూ నిలబడ్డాను.

"చాలుతుంది," అన్నారు. "ఒక సైజు పెద్ద రివెట్టుకి తగ్గట్టు తీరిస్తే కన్నం మళ్లీ గుండ్రమవుతుంది. అంచుకి జాగా ఉంది. వరసలో అదొక్కటే లావుగా కనిపిస్తుంది, అంతే. లావైతే బలమే గానీ తక్కువేం కాదు."

ఈయన అక్కడున్న కుర్చీలో కూలబడ్డాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, నేను కంగారుగా అటు వెళ్లబోతే, "ఏం లేదు, కాఫీలు ఎక్కువయ్యాయి," అన్నాడు. కన్నాన్ని సరిచేసి గుండ్రంగా తీర్చింది మాస్టారే, చెయ్యి వణక్కుండా. తర్వాత ఈయన గన్ను అందుకోబోతే అమ్మాయి అడ్డం వచ్చింది.

"చట్టం చట్టమే నాన్నా. ఎవరు చెడగొడితే వాళ్లే."

"మీ అమ్మకి గన్ను పట్టడం రాదే."

"మనకి మాత్రం పుట్టుకతో వచ్చిందా. ఆ గోడ చూడు."

"మరి లోపల ఎవరు పట్టుకుంటారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"నేను," అంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, నా సన్నటి దిమ్మ అందుకుని, కిటికీలోంచి భుజం దాకా దూరింది. నాలాగే చెంప రేకుకు ఆనించింది, నాలాగే కళ్లు మూసుకుంది. నాదే చెయ్యి అది, ఇన్నాళ్లూ నేను గమనించలేదు, అదే మణికట్టు, అవే సన్నటి వేళ్లు, నా దగ్గరే తీసుకుంది. మాస్టారు నా చేతుల్ని గన్ను మీద సరిగ్గా పెట్టి, గట్టిగా ఒత్తాలి తల్లీ, భయపడి వదులుగా పడితేనే జారుతుంది, అన్నారు. ఈయన లేచి వచ్చి నా చెవులకి డిప్పలు తొడిగాడు. లోకమంతా నిశ్శబ్దమైపోయింది. గన్ను మూతి రివెట్టు గుండు మీద ఆనించాను. ఈ రేకుకి అవతల, వేలెడు దూరంలో, నా పిల్ల చెయ్యి ఉంది. నేను కొట్టేది దాని అరచేతిలోకే. నొప్పి పుడుతుందని తెలుసు నాకు, ఎంత మొద్దుబారుతుందో తెలుసు. వద్దంటే ఇప్పుడు కూడా వద్దనవచ్చు.

లోపల్నుంచి ఒక్కసారి తట్టింది. చెవులకి వినపడలేదు, చేతులకి తెలిసింది. రెండోది వస్తుందేమోనని ఒక్క క్షణం ఆగాను. రాలేదు. మీట నొక్కాను.